కుర్చీలో రిఫరీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ చేసి కూడా బతికి బట్టకట్టాను కదా అని ధీమాగా ఉండేవాణ్ణి. కట్టిన ఇంటికి రిపేరు చేయించి చూడు, అదీ మోకాళ్ళు అరిగాక చేయించి చూడు అని మాత్రం వాళ్ళు ఎక్కడా హెచ్చరించలేదు. ఆ లోటు పూడ్చడానికే ఇది రాస్తున్నాను. మీరు చదవబోయేది ఒక జలప్రళయం కథ. ఇందులో రెండు మునిగాయి: మా బావమరిది తెల్లచొక్కా, నా ముప్పయ్యేళ్ళ సర్వీసు పరువు. చొక్కా ఉతికితే వచ్చింది.

నేను జగ్గయ్యపేట చుట్టుపక్కల బళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లల చేత ఎన్ని వేల గుంజీళ్ళు తీయించానో నాకే తెలియదు. ఆ పిల్లలందరి ఉసురూ ఒకేసారి, గురి తప్పకుండా వచ్చి నా మోకాళ్ళకు తగిలింది. "గుజ్జు అరిగిపోయిందండీ. మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు" అన్నాడు డాక్టరు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకూడదంటారు గానీ, నా ఒంట్లో ఆ రెండూ ఒకే ఏడాది ఖాళీ అయ్యాయి. చేతివేళ్ళు కూడా తెల్లారేసరికి బిగుసుకుపోయి, పచ్చడి జాడీ మూత తీయమంటే "రేపు రండి" అనే గుమాస్తాల్లా తయారయ్యాయి.

ఇలా ఉండగా మా డాబా మీది నల్ల ట్యాంకు కారడం మొదలుపెట్టింది. మెట్లగది పైన ఉంటుంది ట్యాంకు. దాని వాల్వు అరిగి, నీరు గోడ వెంట దిగి, ముందు గదిలో ఇండియా పటం వేసింది. వారంలో శ్రీలంక కూడా వచ్చింది.

"నందిగామ వచ్చేయండి బావా!" అన్నాడు మా బావమరిది మురళి ఫోనులో. వాడికి నందిగామలో ఎరువుల దుకాణం, లిఫ్టున్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు. "మా పక్క ఫ్లాటు ఖాళీగా ఉంది. లిఫ్టులో నిలబడితే చాలు, అదే తీసుకెళ్తుంది. ఆదివారం భోజనానికొస్తా, అక్కా మీరూ ఏదో ఒకటి తేల్చి చెప్పండి. వాళ్ళు ఇంకెవరికో ఇచ్చేసేట్టున్నారు."

సొంత ఇల్లు వదిలి లిఫ్టులో నిలబడటమా! మా ఆవిడ అనసూయ మాత్రం తాపీగా పూలు గుచ్చుకుంటూ, "వాడన్నదాంట్లో తప్పేముంది? మెట్లకు రైలింగు పెట్టిద్దామంటే మీరు వినరాయె" అంది.

ఇది పాత గొడవ. మా మెట్లు ఇరవై రెండు. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. రైలింగు పెట్టిద్దామని ఆవిడ ఏడాదిగా పోరుతోంది. "డ్రిల్లు మాస్టారు ఊచ పట్టుకుని మెట్లెక్కితే పేట పేటంతా నవ్వుతుంది" అని నేను ఏడాదిగా గింజుకుంటున్నాను.

"చూడు, నేను ఒక్క మెట్టు ఎక్కకుండా, కుర్చీలో కూర్చుని, ఆదివారానికల్లా ట్యాంకు బాగుచేయిస్తా. అప్పుడు ఇక్కడే ఉందామా?" అన్నాను రోషంగా.

"ఉందాం. మెట్టెక్కారో, నందిగామే."

"సరే!"

"సరే."

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ వారంలో నాకు రెండూ జారాయి.

పిలిపించింది సైదుల్ని. మా ఊళ్ళో పేరున్న ప్లంబరు. అంతకంటే ముఖ్యంగా, నా శిష్యుడు. నలభై దాటినా నేను కనిపిస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి, పైనుంచి కిందికి కొత్త పైపు దించి, గుమ్మం పక్కన గోడకు జాయింటు అతికించాడు.

"మాస్టారూ, సొల్యూషన్ పెట్టా. బాగా ఆరాలండి. ఈలోపు పైకెళ్ళి కొత్త వాల్వు బిగిస్తా. ఆరిందని మీరు ఫోన్ చేయండి, నీళ్ళు వదుల్తా."

"ఫోనా!" అన్నాను హేళనగా. "చేతిలో స్పానరు పెట్టుకుని ఫోను ఎట్లా ఎత్తుతావురా? సైన్యంలో ఫోన్లతో కవాతు చేస్తారా?" అని జేబులోంచి నా పాత ఈల తీశాను.

ఇక్కడ ఆ ఈల గురించి ఒక మాట. రిటైరయ్యాక సొరుగులో పడి, అందులోని గింజ అరిగిపోయింది. ఒకప్పుడు 'కుర్ర్‌ర్‌ర్' మని మోగేది ఇప్పుడు 'ష్ష్‌ష్' మంటోంది. నాకు మోకాట్లో గుజ్జు, దానికి కడుపులో గింజ. ఇద్దరమూ ఒకే ఏడు సర్వీసులో చేరాం మరి.

"విను. ఒక ఈల వేస్తే వాల్వు సగం తిప్పు. రెండు వేస్తే ఆపు. మూడు వేస్తే పూర్తిగా తెరువు. అర్థమైందా?"

"అయిందండి."

"ఇంకోటి. నోటితో నేనేం అరిచినా పట్టించుకోకు. ఆటలో రిఫరీ నోటి మాట చెల్లదు. ఈలే ఫైనల్!"

ఆ చివరి వాక్యాన్ని మీరు దయచేసి గుర్తుంచుకోండి. నేను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

సైదులు చొక్కా విప్పి కిటికీ ఊచకు తగిలించి, బనీనుతో పైకెళ్ళాడు. నేను వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెడలో ఈల వేసుకుని, ఒలింపిక్ క్రీడలు ప్రారంభించేవాడిలా కూర్చున్నాను. ట్యాంకు పొద్దున్నే మోటారు వేసి అంచుదాకా నింపి ఉంచింది కూడా నేనే. "రిపేరుకి ముందు ఎవరైనా నింపుతారా మాస్టారూ?" అని సైదులు నెత్తి కొట్టుకుంటే, "నీళ్ళు లేకుండా టెస్టు ఎట్లా చేస్తావురా?" అని దబాయించాను. ఎంత దూరదృష్టో చూశారా!

పదకొండింటికి గేటు చప్పుడైంది. మురళి. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు, చేతిలో స్వీటు డబ్బా.

"ఏం బావా, రిపేరన్నారు, మీరు కుర్చీలో ఉన్నారు?"

"జనరల్ కూడా కుర్చీలోనే కూర్చుంటాడోయ్. యుద్ధం పైన జరుగుతోంది."

"ఇదేనా కొత్త పైపు?" అంటూ వాడు జాయింటు దగ్గర వంగి, ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. "బావా, ఇది ఇంకా ఆరలేదనుకుంటా..."

అంతలో ఎక్కడినుంచో "ష్ష్‌ష్‌ష్!"

తరవాత పైపులో ఏదో దిగుతున్న చప్పుడు. జాయింటు ఊడింది. ట్యాంకులోని గంగమ్మ తల్లి నేరుగా మురళి మొహమ్మీదికి దిగింది.

"బావా!!"

నేను ఈల అందుకుని రెండు వేశాను. నీళ్ళు ఆగాయి. పైనుంచి సైదులు గొంతు హుషారుగా వినిపించింది: "ఓకే మాస్టారూ!"

"ఎవడు తిప్పమన్నాడురా నిన్ను?" అని అరిచాను. వాడు పట్టించుకోలేదు. నోటి మాట చెల్లదు కదా.

మురళి కళ్ళు తుడుచుకుంటూ, ఊడిన పైపును చేత్తో అదిమి పట్టుకున్నాడు. పాపం, సాయం చేద్దామనే. మళ్ళీ "ష్ష్‌ష్‌ష్!" మళ్ళీ నీళ్ళు. ఈసారి వాడి చేతుల సందుల్లోంచి నాలుగు దిక్కులా చిమ్మాయి. స్వీటు డబ్బా తేలుతూ గేటువైపు బయల్దేరింది. నేను గబగబా రెండు ఈలలు వేశాను. ఆపు, ఆపు. నా రెండో ఈల గాల్లో ఉండగానే, దానికి తోకలా ఇంకొకటి కలిసింది: "ష్ష్‌ష్‌ష్!"

రెండూ ఒకటీ మూడు. మూడంటే పూర్తిగా తెరువు.

అప్పుడు వెలిగింది నాకు. వంటింటి కిటికీ! తమ్ముడొస్తున్నాడని మా ఆవిడ కుక్కర్లో కందిపప్పు పెట్టింది!

"అనసూయా! స్టవ్ ఆపు!"

"ఇంకొక్క విజిలే!" అంది లోపల్నుంచి.

"వద్దు! వెంటనే ఆపు!"

"మా తమ్ముడికి పలుకు పప్పు పెట్టమంటారా?"

మా వాకిట్లోకి మునేరు వచ్చేసింది. వానాకాలంలో నందిగామ వెళ్ళే దారిలో పొంగే ఆ ఏటిని, నందిగామ మనిషి మా గుమ్మంలోనే చూస్తున్నాడు. నేను వెర్రెత్తి ఈల మీద ఈల వేశాను. ఏడో ఎనిమిదో వేశానట. తరవాత సైదుల్ని అడిగితే లెక్క చెప్పాడు: "ఏడండి. అంటే రెండు మూళ్ళు, పైన ఒకటి. ఎట్లా చూసినా తెరిచే ఉంచాలి గదండీ!" లెక్కల మాస్టారి దగ్గర కూడా ఇంత శ్రద్ధగా చదివుంటే వీడు కలెక్టరయ్యేవాడు.

ఇంతలో ఈల్లోకి నీళ్ళు పోయి 'బుడుబుడు' మని ప్రాణం వదిలింది. సైదులికి ఫోన్ చేశాను. రింగు చక్కగా వినిపించింది. నా చెవి పక్కనే, కిటికీకి వేలాడుతున్న వాడి చొక్కా జేబులోంచి.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. మురళి చెప్పిన దాని ప్రకారం నేను పంచె ఎగగట్టి, "ఒరేయ్ సైదులూ!" అని సింహనాదం చేసి, మెట్లమీదికి ఉరికాను. రెండేళ్ళుగా ఆ మెట్లను దూరం నుంచి దణ్ణం పెట్టుకుని పలకరిస్తున్నవాణ్ణి, ఇరవై రెండూ ఒక్క ఊపులో ఎక్కేశాను. కోపానికి మోకాళ్ళు ఉండవు.

మెట్లగది పైనుంచి సైదులు తొంగిచూశాడు. "మాస్టారూ! మీరే ఎక్కొచ్చారా? మీ మోకాళ్ళు!"

ఏదో అందామంటే ఊపిరి లేదు. ఈల వేద్దామంటే ఈల చచ్చిపోయింది. వాడు వాల్వు మీద చెయ్యి వేసి, నా ఆజ్ఞ కోసం భక్తిగా ఎదురుచూస్తున్నాడు. గత్యంతరం లేక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఆ సిగ్నల్ మా ఒప్పందంలో లేదు. అయినా మంచి పిల్లాడు, అర్థం చేసుకున్నాడు. నీళ్ళు ఆగాయి.

కింద కుక్కరు చివరి విజిల్ వేసింది. పప్పు ఉడికింది.

"గెలిచాం!" అన్నాను. విజయగర్వంతో వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాను. అప్పుడు నా మోకాళ్ళు నిద్రలేచాయి. ఎక్కేటప్పుడు అడగలేదని వాటికి కోపం వచ్చినట్టుంది. రెండూ కూడబలుక్కుని బిగుసుకున్నాయి. ఎక్కడం మనిషి చేతిలో ఉంది, దిగడం మోకాళ్ళ చేతిలో ఉంది. చెట్టెక్కించి నిచ్చెన లాగేసినట్టని సామెత. నా నిచ్చెన నా దగ్గరే ఉంది, లాగేసింది నా కాళ్ళే. పట్టుకుందామంటే ఆ పక్కా ఈ పక్కా గాలి తప్ప ఏమీ లేదు.

మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని వాకిట్లోకొచ్చింది. వరద చూసింది. తడిసిన తమ్ముణ్ణి చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. తరవాత నెమ్మదిగా తలెత్తి నన్ను చూసింది.

"ఎక్కారన్నమాట!" అంది.

భోజనాలు డాబా మీదే జరిగాయి. మెట్లగది నీడలో నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి అన్నీ పైకి చేర్చారు. మురళి నా పాత డ్రిల్లు టీషర్టూ, నా లుంగీ కట్టుకుని కూర్చున్నాడు. పప్పు వెన్నలా ఉంది. అంత ఖరీదైన పప్పు మరి మెత్తగా ఉండదా!

రెండో వాయి కలుపుకుంటూ మురళి మొదలుపెట్టాడు. "అక్కా, ఇక మాటల్లేవు. బావ మెట్లెక్కారు, పందెం పోయింది. సాయంత్రం వాళ్ళకి వస్తున్నామని చెప్పేస్తా."

ఆ డాబా, ఆ గోడమీద ఇండియా పటం, శ్రీలంక, అన్నీ ఒక్కసారి నావి కాకుండా పోతున్నట్టనిపించింది. ఆకులో మిగిలిన ఆవకాయ టెంక వైపు చూస్తూ కూర్చున్నాను.

"చెప్పొచ్చులేరా. ముందు ఈయన్ని దింపు. దిగితే గదా నందిగామ వచ్చేది!" అంది అనసూయ.

సైదులు కిసుక్కున నవ్వి, వెంటనే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అయినా అక్కడ లిఫ్టుంటే ఈయన ఊరుకుంటారా? రోజుకి పదిసార్లు పైకెళ్ళి అపార్ట్‌మెంటు మొత్తానికి డ్రిల్లు చేయిస్తారు. ఇక్కడ వాళ్ళు అలవాటుపడ్డారు, పాపం." నా వైపు తిరిగింది. ఈసారి నవ్వడం లేదు. "మీరు పైకి పరిగెత్తారని నాకు కోపం లేదు. అంత ఎత్తునుంచి పట్టుకోవడానికేం లేకుండా తూలి పడుంటే? రైలింగు పెట్టిస్తానంటే ఉందాం. రెండు వైపులా. లేదంటే ఇవాళే సామాను సర్దుతా."

"నవ్వుతారేమోనే..." అన్నాను నీరసంగా.

"ఇవాళ్టి తరవాత కొత్తగా నవ్వేదేం మిగల్లేదు లెండి."

నిజమే. "పెట్టిస్తా" అన్నాను. ముప్పయ్యేళ్ళు కమాండులిచ్చాక నేను విన్న మొట్టమొదటి కమాండు అది. నిజం చెప్పొద్దూ, వినడం ఆజ్ఞాపించడం కంటే హాయిగా ఉంది.

ఇక దిగడం. పసిపిల్లాడిలా మెట్టు మీద కూర్చుని, కింది మెట్టుకి జరిగి, మళ్ళీ కూర్చుని జరిగాను. వెనకనుంచి మురళి చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. ముందు సైదులు వెనక్కి నడుస్తూ, తన మాస్టారికి తానే డ్రిల్లు చేయించాడు:

"ఒకటీ... ఆగండి. రెండూ... నడుం నిటారుగా మాస్టారూ. మూడూ..."

"మూడు అనకురా! ఆ అంకె అనొద్దు!" అని అరిచాను.

ఇప్పుడు మా మెట్లకు రెండు వైపులా రైలింగు ఉంది. వాల్వుని సైదులు కిందికే మార్చేశాడు. కుర్చీలోంచి చెయ్యి చాపితే అందుతుంది. పొద్దున వేళ్ళు బిగుసుకున్నప్పుడు తిప్పడానికి వీలుగా దానికి పొడుగు పిడి కూడా పెట్టాడు. నేను రోజూ సాయంత్రం ఊచ పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కి, డాబా మీద గాలి పీల్చుకుని, ఊచ పట్టుకునే దిగుతున్నాను. పేట ఏమీ నవ్వలేదు. ఎదురింటాయన మాత్రం ఆ ఊచలెంత ఎత్తున పెట్టించామో కొలుచుకుపోయాడు. ఆయన మోకాళ్ళు కూడా అరిగాయని అప్పుడే తెలిసింది.

నా ఈల వంటింట్లో, స్టవ్ పక్క మేకుకు వేలాడుతోంది. దాని ఎదుట నిలబడి, కుడిచేత్తో కుక్కరు మూత మీదా, ఎడమచేత్తో మోకాలి మీదా ఒట్టు వేసి, అనసూయ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: "నా బొందిలో ప్రాణమూ మోకాట్లో మిగిలిన గుజ్జూ ఉన్నంతవరకు, ఈ ఇంట్లో ఈల వేసే అధికారం కుక్కరుకు తప్ప ఇంకెవరికీ లేదు. నా అవసరాలు నేను నోటితోనే అడుగుతాను."

అన్నట్టు, కుక్కరు దాని అధికారాన్ని ఇప్పటికీ సక్రమంగానే వినియోగిస్తోంది. నిన్న బాత్రూములో కుళాయి బిగిస్తూ ఉండగా రెండు విజిల్స్ వేసింది. సైదులు పని ఆపేశాడు.