కోరుట్లకు మోసుకెళ్లిన దయ్యాలు

ఆ ఎండాకాలం నేను హైదరాబాద్ నుంచి కోరుట్లకు ఒక సంచి నిండా దయ్యాలను మోసుకెళ్లాను. ఆఫీసులో మా పై ఆయనతో గొడవపడి, అడగకుండానే సెలవు పెట్టేసి, మేనత్త ఇంటికి బస్సెక్కాను. అత్త ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, మూడు వయసులు. అందుకే మూడు రకాల భయాలు కొన్నాను. ఐదేళ్ల పాపకు బొమ్మల పుస్తకం, మంచం కింద కాపురముండే రాకాసి కథ. పాప తల్లిని నేను అక్క అంటాను, ఆమెకు తాళం వేసిన గది ఉన్న లావుపాటి నవల. అరవై దాటిన అత్తకు చదవడం రాదు, ఆమెకు నేనే చదివి వినిపించాలని పాడుబడ్డ బావి కథలు. ఏ వయసుకు ఎంత భయం సరిపోతుందో నాకు తెలుసనే అనుకున్నాను. ఫోన్‌లో పుస్తకాల గురించి అంతమంది చెప్పింది విని ఎంచుకున్నవి మరి.

ఇంట్లో ఉండాల్సిన నాలుగో మనిషి మస్కట్‌లో ఉన్నాడు. అత్త కొడుకు, నాకు బావ. పాప పొత్తిళ్లలో ఉండగా వెళ్లాడు. మధ్యలో కంపెనీ మారి, కాగితాలు ఇరుక్కుని, ఒక్కసారి కూడా రాలేకపోయాడు. ఈ ఎండాకాలమే మొదటిసారి సెలవు మీద వస్తున్నాడు. ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న. పాప ఆయన దగ్గరికి పోతుందా? పక్క వీధిలో ఒకాయన సెలవంతా ఇంట్లోనే ఉండి, కొడుకు ఒక్కసారి కూడా ఒళ్లోకి రాకుండానే తిరిగి విమానం ఎక్కాడట. ఆ మాట అత్త చెప్పినప్పుడు అక్క లేచి, పని లేకపోయినా వంటింట్లోకి వెళ్లింది.

మధ్యాహ్నాలు ఆ ఇల్లు నీళ్లలో మునిగినట్టు ఉండేది. కూలర్ హోరు, తడి గడ్డి వాసన, తంబాకు ఘాటు. కిటికీకి కట్టిన పాత చీర గుండా వచ్చే వెలుతురు కూడా ఆకుపచ్చగా ఉండేది. అత్త, అక్క ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. నేను గోడకు ఆనుకుని చదివేదాన్ని. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ఫోన్. కత్తెర తునికాకును కోసే చప్పుడు, దారం బిగించే చప్పుడు, మధ్యలో నా గొంతు. తంబాకు మత్తుకో, ఎండకో, చదువుతూ చదువుతూ నేనే బావిలోకి దిగిపోతున్నట్టు ఉండేది.

నాలుగు రోజులకు అత్త బీడీ కట్టలు కార్ఖానా నుంచి వెనక్కి వచ్చాయి. మరీ గట్టిగా చుట్టారని, గుంజితే పొగ రావడం లేదని పక్కన పెట్టేశారట. అన్నేళ్లలో అత్త కట్టలకు వంక పెట్టడం అదే మొదలు. బావిలోంచి చెయ్యి పైకి వచ్చే చోటల్లా అత్త వేళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి.

"నీ దయ్యం ఏమో గని బిడ్డా, నా బీడీలకు ఊపిరాడతలేదు," అంది అత్త. కోపంగా కాదు, మురిపెంగా. మర్నాటి నుంచి భయం ఎక్కువయ్యే పేజీకి ముందు చెప్పమంది. నేను చెప్పగానే చాట పక్కన పెట్టి, చేతులు ఒళ్లో దాచుకుని వినేది.

అక్క నవలను ఎవరికీ చూపించకుండా చదువుకునేది. తాళం వేసిన గది దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎందుకు తెరవవని అడిగితే, ఆయన వచ్చినాక చదువుతానంది.

నా లెక్క తప్పింది పాప దగ్గరే. రాకాసి బొమ్మ చూసి పగలబడి నవ్వింది. రాకాసి గుర్రుమనే చోట నాకంటే గట్టిగా గుర్రుమంది. ఆ రోజే మంచం కింద ఒక బిస్కెట్ పెట్టి వచ్చింది. అక్క పుట్టిల్లు సిరిసిల్ల, ఇంటి ముందు గదిలోనే మరమగ్గాలు. పాప పుట్టింది, తొలి ఏడాది నిద్రపోయింది ఆ మోతలోనే. మేమంతా ఒకసారి అక్కడికి పోయి రెండు రోజులున్నాం. కథ చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అరిస్తే దయ్యం దయ్యంలా ఉండదు, చీరల బేరం చేస్తున్నట్టు ఉంటుంది. ఆ మోతకు అలవాటుపడ్డ పిల్లను నా గుసగుసలు ఏం భయపెడతాయి?

నాకు పౌరుషం వచ్చింది. ఇంకా భయంకరమైంది కొనాలని పాపను వెంటబెట్టుకుని జగిత్యాల పోయాను. దుకాణాల నిండా పోటీ పరీక్షల గైడ్లు. దయ్యాల పుస్తకం ఉందా అని అడిగితే ఒకతను గ్రూపు పరీక్షల పుస్తకం చూపించి, దీన్ని మించింది లేదక్కా అన్నాడు. నేను అతని మీద ఇంతెత్తున లేచాను, పాప నా చున్నీ పట్టి లాగింది. చివరికి ఒక మూల అట్ట వెలిసిన సన్నటి పుస్తకం దొరికింది. తిరుగు బస్సులో పాప ఆ బొమ్మలన్నీ చూసి, దయ్యం కాళ్ల దగ్గర వేలు పెట్టి అడిగింది.

"చిన్నమ్మా, గిదానికి చెప్పులు లెవ్వు. ఎండల కాళ్లు కాలవా?"

కిటికీ బయట పొలాలు తెల్లటి వేడిలో వణుకుతున్నాయి. ఈ పిల్లకు భయం అనేదే తెలియదని ఆ బస్సులో నాకు నమ్మకం కుదిరింది.

బావ పొద్దున వచ్చాడు. కారు ఆగింది, తాడు చుట్టిన పెట్టెలు దిగాయి, చుట్టుపక్కల వాళ్లు గేటు దగ్గర చేరారు. బావ లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాడు. పాప అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. తనకు తెలిసిన డాడీ వీడియో కాల్‌లో అరచేతిలో పట్టేవాడు, ఛాతీ దాకానే ఉండేవాడు. ఈ మనిషికి కాళ్లున్నాయి, చెమట వాసన ఉంది. పాప ముఖం తెల్లబోయింది. నేను ఏ పుస్తకంతోనూ తెప్పించలేని భయం అది. ఒక్క అరుపు అరిచి, నా చేతిలో ఫోన్ లాక్కుని, తునికాకు మూటల గదిలోకి ఉరికింది.

వాకిట్లో బావ జేబులో ఫోన్ మోగింది.

చూస్తే నా పేరు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. బావ నవ్వలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి, మా ఇంటి గోడ కనిపించకుండా, వెనక ఆకాశమే పడేలా ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"డాడీ, నువ్వు జల్ది రా. మనింట్లకు ఎవలో అచ్చిండు."

"ఎవలు బిడ్డా?"

"తెల్వది. మస్తు పెద్దగున్నడు. నీ లెక్కనే ఉన్నడు గని నువ్వు కాదు."

"భయమైతుందా?"

"ఊఁ."

"అయితే ఆడనే దాసుకో. నేను లైన్ల ఉంటా."

అలా మొదలైంది. ఆ రోజూ, తర్వాతి రోజుల్లోనూ బావ తన కూతురితో వసారాలోంచి, డాబా మీది నుంచి, గోడ అవతలి నుంచి ఫోన్లోనే మాట్లాడాడు. పాప లోపలి గదిలో నా ఫోన్ పట్టుకుని, ఆ పెద్ద మనిషి ఏం తిన్నాడో, ఎట్ల గురకపెట్టాడో డాడీకి చాడీలు చెప్పేది. ఆయన అన్నీ విని, గట్లనా అనేవాడు. ఎదురుపడితే మాత్రం తల్లి చీర వెనక్కి పోయేది. అక్క పైకి నవ్వుతూ, నాతో సుత ఇగ ఫోన్లనే మాట్లాడుతడో ఏందో అనేది. సెలవు మాత్రం ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోతూనే ఉంది.

ఫోన్ లేక నాకు పిచ్చెక్కుతోంది, అదొకటి. ఒక సాయంత్రం డాబా మీద బావను పట్టుకుని కడిగేశాను. ఈ నాటకం ఎన్నాళ్లని, తండ్రివి నువ్వే అయినప్పుడు లోపలికి పోయి ఎత్తుకోవడానికి ఏం అడ్డమని గట్టిగానే అడిగాను. ఆయన పిట్టగోడ మీద గోటితో గీశాడు.

"ఉరికిస్తే ఉరుకుతది," అన్నాడు. "నాకు సుత భయమైతుంది. ఫోన్ల అయితే దాంతోని ఏం మాట్లాడాల్నో ఎరుకే. ఎదురుంగ నిలవడితే నా చేతులు ఏడ పెట్టుకోవాల్నో సమజైతలేదు."

కిందికి వెళ్లి రాకాసి పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దీన్ని చదువు, పాపకు ఇష్టం అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బావ వసారాలో కూర్చున్నాడు. నీళ్ల బిందెకు ఫోన్ ఆనించి, పుస్తకం ఒళ్లో తెరిచాడు. లోపల పాప బోర్లా పడుకుని నా ఫోన్లో చూస్తోంది. అత్త, అక్క చాటల ముందు. ఒకే గొంతు రెండు వైపుల నుంచి వస్తోంది. వసారాలోంచి ముందు, ఫోన్లోంచి ఒక క్షణం ఆగి. రాకాసి రెండుసార్లు నడుస్తున్నట్టు, ఒక మధ్యాహ్నం వెనక ఇంకో మధ్యాహ్నం వస్తున్నట్టు ఉంది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

ఉన్నట్టుండి గొంతు ఒకటే అయింది. కళ్లు తెరిచి చూస్తే పాప నల్లబడ్డ ఫోన్‌ను ఊపుతోంది. చార్జింగ్ అయిపోయింది. నేను వైరు కోసం లేవబోయాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మాట్లాడొద్దన్నట్టు తల ఊపింది.

బయట బావ తల వంచి చదువుతూనే ఉన్నాడు. కట్ అయిన సంగతి ఆయనకు తెలియదు. రాకాసి మంచం కింది నుంచి తల బయటికి పెడుతోంది. పాప ఫోన్ వైపు చూసింది, తలుపు వైపు చూసింది. లేచి గుమ్మానికి వేసిన తెర దాకా వెళ్లింది. తెర అంచు కొంచెం పక్కకు తీసింది. అత్త వేళ్ల మధ్య బీడీ సగంలో ఆగిపోయింది.

"గుర్ర్," అన్నాడు బావ, మెల్లగా, మొహమాటంగా.

"గట్ల కాదు," అంది పాప గుమ్మంలోంచి. "రాకాసి గట్ల అనదు."

బావ వీపు బిగుసుకోవడం నాకు ఇక్కడికి కనిపించింది. తల తిప్పలేదు. చూపు పేజీ మీదే ఉంచాడు.

"మరి ఎట్లంటది?"

పాప ఊపిరి నిండా పీల్చుకుని గుర్రుమంది. వాకిట్లో పిట్టలు లేచిపోయాయి. బావ ఆమె అన్నట్టే అనడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. ఇంకోసారి చెప్పించుకున్నాడు. పాప గుమ్మం దిగింది. ఆయనకు తగలకుండా, బిందెకు అవతల చతికిలబడి, మెడ చాచి బొమ్మలోకి చూసింది. ఆయన చదువుతూ చదువుతూ పుస్తకాన్ని కొద్దిగా అటు జరిపాడు. పేజీ చివరికి రాగానే ఆయన బొటనవేలు కాగితం అంచు మీద ఆగింది. ఆ వేలి మీదుగా పాప చెయ్యి చాచి పేజీ తిప్పింది.