ఇంజెక్షన్ ఆపాకే పెరిగిన ప్లేట్‌లెట్లు

ఆ ఉదయం పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. బ్రష్ గట్టిగా తగిలిందనుకున్నాను. స్నానానికి వెళ్లి చూసుకుంటే రెండు కాళ్ల మీదా ఆవగింజలంత ఎర్రటి చుక్కలు. దురద లేదు, నొప్పి లేదు. నాకప్పుడు ఏడో నెల.

అంతకు వారం ముందు చలిజ్వరం వస్తే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తాండూరు ఆసుపత్రిలో యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. చుక్కలు చూపిస్తే రక్తపరీక్ష చేశారు. లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలే. డెంగీ టెస్ట్ నెగెటివ్. గర్భం వల్ల తగ్గాయేమో అన్నారు. ఇంజెక్షన్ మాత్రం ఆపలేదు. మర్నాటికి పన్నెండు వేలు.

నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే మా ఆయన ఒంటినిండా రాతిపొడితోనే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో బొప్పాయి ఆకుల రసం సీసా.

"గిది తాగితే కౌంట్ పెరుగుతదట. జర తాగు."

అత్తమ్మ సీసా లాక్కుంది. "కడుపుతోని ఉన్నదానికి బొప్పాయి ఇస్తవా? పిచ్చి లేసిందా?"

వాళ్లు వాదులాడుకుంటుంటే నేను బిడ్డ కదలికలు లెక్కపెట్టుకుంటున్నాను. కాసేపు కదలకపోతే పక్కకు తిరిగేదాన్ని. మళ్లీ ఇటు తిరిగేదాన్ని.

ఆంబులెన్స్‌లో వికారాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ బీపీ, లివర్ రిపోర్టులు చూసింది. అన్నీ నార్మల్. "ఈ ఇంజెక్షన్ ఇంతకుముందు ఎప్పుడన్నా తీసుకున్నవా?" అని అడిగింది. నాకు గుర్తులేదు. అత్తమ్మ చేతిసంచిలోంచి నా నిరుటి టైఫాయిడ్ చీటీ తీసింది. అదే మందు.

"అప్పుడు సుత కాళ్లకు గిట్లనే చుక్కలొచ్చినయ్ మేడం. చెమటకాయలనుకున్నం."

"డ్రగ్ ఇండ్యూస్డ్ థ్రాంబోసైటోపీనియా లెక్కుంది. ఈ మందు పడితే నీ ఒళ్లే ప్లేట్‌లెట్లను చంపుకుంటది. ఇప్పుడే ఆపేస్తున్న" అంది డాక్టరమ్మ. ఇన్‌ఫెక్షన్‌కు వేరే మందు రాసింది.

మర్నాడు కౌంట్ తొమ్మిది వేలు. ముక్కులోంచి రక్తం. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. "ఆపినంక గూడ ఎందుకు పడిపోయింది మేడం?" అని ఏడ్చాను.

"పాత మందు ఒంట్లకెళ్లి పోవాలె కదమ్మా. రెండు మూడు రోజులు ఓపిక పట్టు."

ఓపిక ఎక్కడిది? గోడ గడియారం, నా కాళ్లు, తలుపు. రోజంతా వీటినే మార్చి మార్చి చూశాను. మూడో రోజు ముప్పై ఒక్క వేలు. వారం తిరిగేసరికి లక్ష దాటింది.

నెలలు నిండాక పాప పుట్టింది. ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది. నేనింకా ఒంటి మీద చిన్న మచ్చ కనబడితే ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

ఒక్క మాట చెబుతాను. ఏ ఇంజెక్షన్ ఇచ్చినా దాని పేరు చీటీ మీద రాయించుకోండి. మందు మొదలయ్యాక చుక్కలో, రక్తమో కనబడితే మీ అంతట మీరు మానేయకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఈ మందు వల్లేమో చూడండి" అని అడగండి. ఆ మాట తాండూరులోనే నా నోటిదాకా వచ్చింది. ఏమనుకుంటారోనని మింగేశాను.