నేను దిగలేదు

తెల్లాపూర్‌లోని మా కాలనీ గేటు నుంచి కొత్తగూడ కూడలి దాకా నన్ను ఎరగని మనిషి లేడు. సరే, కొత్తగూడ తీసేయండి. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు తెలుసు, తోటపని చేసే ఇద్దరు ఆడవాళ్ళకు తెలుసు. వాళ్ళకు నేను తెలియడానికి కారణం ఒకే ఒక్క కథ. జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా ఉన్న రోజుల్లో, విషవాయువు నిండిన ట్యాంకులోకి ఊపిరి బిగబట్టి దూకి, ఇద్దరు మనుషులను చెరో భుజం మీద వేసుకుని పైకి తెచ్చానన్న కథ. మొదట్లో ఒక్కణ్ణే తెచ్చేవాణ్ణి. రిటైరై అమ్మాయి ఇంటికి చేరాక ఇద్దరయ్యారు. ట్యాంకు లోతు కూడా ఏటికేడు పెరుగుతూ వచ్చింది.

మా కాలనీ మురుగునీటిని శుద్ధి చేసే ట్యాంకు క్లబ్ హౌస్ వెనక నేలలో ఉంటుంది. పైన పచ్చిక, పక్కన పిల్లల ఉయ్యాలలు. కింద అలాంటిదొకటి ఉందని చాలామందికి తెలియదు. ఆ ఉదయం లోపలి మోటారు ఆగిపోయిందని పనివాళ్ళను పిలిపించారు. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన బావా బామ్మర్దులు. గాలి పంపే బ్లోయర్ బండి వస్తేగాని దిగకూడదని సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పాడట. ఆ బండి ఎక్కడో ట్రాఫిక్‌లో చిక్కుకుంది. వాళ్ళు టీ తాగుతూ ఖాళీగా కూర్చున్నారు. ఖాళీగా ఉన్న మనుషులు దొరికితే నేను ఊరుకుంటానా? కథ మొదలుపెట్టాను.

"లోపల చీకటి గద తాతా, ఇద్దరున్నరని నీకెట్ల కనబడ్డది?" అన్నాడు బావ, మీసంలో నవ్వు దాచుకుంటూ.

"ఊకో బావా. పెద్దాయన గంత ధైర్నం చేసిండు. నువ్వైతే బల్లిని చూస్తే మంచమెక్కుతవ్," అన్నాడు బామ్మర్ది.

"మీ అక్కను చేసుకున్న. గంతకంటె ధైర్నం ఏం గావాలెరా?"

అందరం నవ్వాం. కానీ బామ్మర్ది నా వంక చూసిన చూపులో వేళాకోళం లేదు. అతను ప్రతి ముక్కా నమ్మాడు. నాకు ఒళ్ళు ఉప్పొంగింది.

మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన ముఖానికి కొట్టింది. కాసేపు చూసి, బావ లేచి లుంగీ బిగించాడు. "మోటర్ ఏడ పట్టుకున్నదో జర చూసి వస్త. గింతదానికి బండి దాక ఎందుకు?"

నేను అప్పుడు ఆ మూత మళ్ళీ వేసి దాని మీద కూర్చుని అడ్డుపడి ఉండాలి. కానీ ఊపిరి బిగబట్టి దూకిన మహావీరుడు, నిచ్చెన పట్టుకుని దిగేవాణ్ణి వద్దని ఏ నోటితో అంటాడు? నా కథే నా నోరు నొక్కింది. "తాడైనా కట్టుకో నాయనా," అని మాత్రం అన్నాను.

"నువ్వు కట్టుకున్నవా తాతా?"

"నా మాట విను. కట్టుకో."

ముసలాణ్ణి నొప్పించడం ఎందుకని చంకల కింద నుంచి తాడు చుట్టుకుని ముడివేశాడు. రెండో కొస బామ్మర్ది పట్టుకున్నాడు. బావ దిగాడు. కాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"వాసన పోయిందిరా! ఇగ ఫికర్ లేదు!"

బామ్మర్ది ముఖం వికసించింది. నాకు మాత్రం ఆ మాటకు అర్థం తెలుసు. ఆ వాయువు ముందు ముక్కును చంపుతుంది. వాసన పోయిందంటే వాయువు పోయినట్టు కాదు, మనిషి పోబోతున్నట్టు. జీడిమెట్లలో కూడా లోపలినుంచి సరిగ్గా ఇదే మాట విన్నాను.

"పైకి రా! ఉన్నపళాన పైకి రా!" అని అరిచాను. నీళ్ళలో ఏదో బరువుగా పడిన చప్పుడైంది.

బామ్మర్ది తాడు వదిలేసి, ట్యాంకు నోటి దగ్గర కూర్చుని కాళ్ళు లోపలికి పెట్టేశాడు. నేను అతని చొక్కా మెడ దగ్గర పట్టుకున్నాను.

"ఇడువు తాతా! మా అక్కకు ఏం జెప్పాలె?"

"దిగకు!"

"నువ్వు దూకలేదా? ఊపిరి బిగబట్టి నువ్వు దూకలేదా?"

"దూకలేదు," అన్నాను. "నేను దిగలేదు. అంతా అబద్ధం. లోపల పడినవాడు పోయాడు. వాణ్ణి తీయడానికి దూకిన నా స్నేహితుడూ పోయాడు. నేను పైన నిలబడిపోయాను, భయంతో కాళ్ళు రాక. అందుకే బతికున్నాను. తాడు పట్టుకో నాయనా, తాడు!"

అతను నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నేను మరిచిపోను. తరవాత కాళ్ళు బయటికి తీసి తాడు అందుకున్నాడు. నా కేకలకు వాచ్‌మన్, తోటపని ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ముఖాలు పక్కకు తిప్పుకోమని అరుస్తూ నేనూ వాళ్ళతో కలిసి లాగాను. లాగానంటే, తాడు తోకను పట్టుకున్నాను. బరువంతా వాళ్ళ చేతుల మీదే పడింది. కమిలిన ముఖంతో బావ బయటికి వచ్చాడు. గాలి వీచే వైపు పచ్చిక మీద పడుకోబెట్టాం. అంబులెన్స్ వచ్చేలోపే దగ్గాడు. అంత అందమైన దగ్గు నేను వినలేదు. బ్లోయర్ బండి అప్పుడు వచ్చింది.

దవాఖానలో డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాక, అతని భార్య పరుగున వచ్చింది. తమ్ముడి చేతులు పట్టుకుని అడిగింది: "లోపలికి దిగి తెచ్చిందెవరురా?"

అతను నా వైపు చూశాడు. నా నాలుక దురద పెట్టలేదంటే అది మరో అబద్ధం. కానీ ఆ ప్రశ్న నన్ను వేరే చోటికి తీసుకుపోయింది. నా స్నేహితుడి భార్య జీడిమెట్లలో ఫ్యాక్టరీ గేటు ముందు నన్ను అడిగింది: "మీరు పక్కనే ఉన్నారు కదండీ, ఎందుకు దిగలేదు?" దిగితే ముగ్గురం పోయేవాళ్ళమని అప్పుడు చెప్పలేకపోయాను. ఆమెకు చెప్పలేని జవాబుకు బదులే, ఆ తరవాత ఊరందరికీ చెప్పిన కథ.

"ఎవ్వరూ దిగలేదమ్మా," అన్నాను. "అందరం పైనే ఉండి లాగాం."

ఆమె తమ్ముణ్ణి తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి తడిమి చూసుకుంది. బురద అంటని అతని పాదాల దగ్గర చూపు ఆగింది.

"మంచిగ చేసిన్రు," అంది.