ఫామ్‌హౌస్ సారుకు నారు

2022 వానకాలం. చేవెళ్లలో మా విత్తనాల కొట్టు మా బాపు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడికి రైతుల సంగతులు వాళ్ల ఇంట్లోవాళ్లకంటే ముందే తెలుస్తాయి. ఎవరి చెలకలో తెగులు పడిందో, ఎవరికి ఎవరితో మాటలు లేవో, గల్లాపెట్టె వెనక కూర్చుంటే అన్నీ చెవిన పడతాయి. విన్నది కడుపులో పెట్టుకునేవాడిదే వ్యాపారం అనేవాడు బాపు. ఆ గుణం నాకు ఆయన దగ్గర్నుంచి రాలేదు.

నర్సింహారెడ్డిది మొయినాబాద్ వెళ్లే దారిలో ఒక ఊరు. బంతి, చామంతి పండించడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు. ట్రాక్టరు కూడా సొంతం. ఆయన గట్టు పక్కనే అంజమ్మ చెలక, చిన్నది. అంజమ్మ భర్త మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. సేద్యమంతా ఆమెదే. వీళ్లిద్దరి మధ్యా ఏళ్లుగా ఒక పద్ధతి నడిచేది. ఆయన ట్రాక్టరుతో ఆమె చెలక దున్ని, నారుమడులు నీళ్లు నిలవకుండా ఎత్తుగా చేసిపెట్టేవాడు. ఆమె ఇద్దరికీ సరిపడా టమాట నారు పోసేది. మా దిక్కు దీన్ని బదులు అంటారు. నా పనికి నువ్వు, నీ పనికి నేను. పైసల మాట మధ్యలోకి రాదు.

ఆ ఏడు నేను కొట్టులోకి ప్రోట్రేలు తెప్పించాను. ప్రోట్రే అంటే చిన్న చిన్న గుంతలున్న నల్లటి ప్లాస్టిక్ పళ్లెం. గుంతల్లో కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, నింపి ఒక్కో గింజ వేస్తే మొక్క వేరు చెదరకుండా పెరుగుతుంది. నర్సింహారెడ్డి చూద్దామని రెండు ట్రేలు పట్టుకుపోయాడు. మొలకలు లేచాక ఒకటి తెచ్చి నా కౌంటర్ మీద పెట్టాడు. మొక్కలన్నీ దువ్వినట్టు సమానంగా ఉన్నాయి.

"చూడు సేటు, అంజమ్మ నారు గిట్ల ఉంటదా?" అన్నాడు.

ఉండదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలంటే ఆయన నారే మేలు.

"దున్నుడు నాకొస్తది, నారు పోసుడూ ఆమెకన్న నాకే మంచిగొస్తది. ఇగ బదులెందుకు? ఆమె చెలక ఊకె దున్నిపెట్టుడే గద."

"లెక్క కరెక్టే అన్నా," అంటూ ఇంకొన్ని ట్రేలు కట్టించి ఇచ్చాను. లెక్క నిజంగానే కరెక్టని అనుకున్నాను కూడా. డిగ్రీ కామర్స్ చదివినవాణ్ని మరి.

ఈసారి నారు వద్దని నర్సింహారెడ్డి అంజమ్మకు కబురు చేశాడు. ఆమె సరేనందట, అంతే. ట్రాక్టరు కిరాయికి తిరిగింది గానీ ఎవరూ దొరకలేదు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ మోకిలలో ఇళ్ల ప్లాట్ల వెంచర్లకు మట్టి తోలుతున్నాయి. చిన్నపాటి చెలక దున్నడానికి ఎవడొస్తాడు? పాత మడిలోనే నారు పోసింది. వాన గట్టిగా పడింది, నీళ్లు నిలిచాయి, నారు మొదళ్లలో కుళ్లిపోయింది. మందు కోసం మా కొట్టుకు వచ్చినప్పుడు ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. మందిచ్చాను, మడి ఆరబెట్టమని చెప్పాను. నీళ్లు పోయే దారి లేని మడిని ఎలా ఆరబెడుతుందో నేనూ అడగలేదు.

అటు నర్సింహారెడ్డి నారు బంగారంలా వచ్చింది. కానీ ట్రేలంటే చంటిపిల్లలు. పొద్దునా మాపూ నీళ్లు చిలకరించాలి, ఎండ ఎక్కువైతే నెట్ కప్పాలి, వానొస్తే లోపలికి జరపాలి. కూలీలకు అప్పగించడానికి ఆయనకు మనసొప్పలేదు. సరిగ్గా అదే రోజుల్లో బంతికి తలలు తుంచాలి. కొన చిగురు తుంచితేనే పక్క కొమ్మలు వేసి చెట్టు నిండా పూస్తుంది. ఆ పని ఆయనంత బాగా చేసేవాడు లేడని చెప్పాను కదా. ఆ చేతులు ట్రేల దగ్గర ఉండిపోయాయి. తలలు తుంచే అదను దాటింది, చేనును కలుపు కమ్మింది. బతుకమ్మ నాటికి అక్కడొక పువ్వు, ఇక్కడొక పువ్వు. ఊరందరి బతుకమ్మలకూ పూలిచ్చే ఇల్లు అది. ఆ ఏడు ఆయన భార్య చేవెళ్ల బస్టాండు ముందు బంతిపూలు కొనుక్కుంది. సంచిలో అడుగున పూలు పెట్టి పైన కొత్తిమీర కప్పుకుంటుంటే కొట్టులోంచి చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. ఇద్దరం చూడనట్టే ఉండిపోయాం.

దసరా వెళ్లాక, యాసంగి, అంటే చలికాలపు పంట, మొదలయ్యే రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేనప్పుడు, నర్సింహారెడ్డి వచ్చాడు. తనకు అక్కర్లేని స్ప్రేయర్లన్నీ ఎత్తి చూశాడు, దించాడు.

"ఏం గావాలె అన్నా?"

"యాసంగి టమాటకు చెలక దున్ని పెట్టిన సేటు. నారు లేదు."

"ట్రేలున్నయి గద?"

"మల్ల ట్రేల ఎంబడి పడితే చామంతి గూడ బంతి తీర్గనే అయితది." నేల చూస్తూ అన్నాడు. "జర అంజమ్మ తానికి పోయి నారు తే. నా పేరు చెప్పకు."

"నువ్వే పోరాదె? ఏండ్ల సంది ఎరికైన మనిషి."

"ఏం మొకం పెట్టుకోని పోవాలె?"

అంత పెద్ద మనిషి అలా అంటుంటే నాకే తల కొట్టేసినట్టయింది. సరేనన్నాను. అబద్ధమాడటం వ్యాపారస్థుడికి లెక్కా అనుకుంటూ స్కూటర్ తీశాను.

అంజమ్మ నారుమడి దగ్గరే ఉంది. టమాట నారు కావాలన్నాను.

"ఎవరికి సేటు?" అంది.

"మొయినాబాద్ దిక్కు ఒక ఫామ్‌హౌస్ సారుకు. టమాట పెడతడట."

"ఏ ఫామ్‌హౌసు?"

అప్పుడు గుర్తొచ్చింది, ఈమె మొగుడు అక్కడే వాచ్‌మన్ అని. నోటికొచ్చిన ఆనవాలేదో చెప్పాను. గేటు పక్కన ఈతకొలను ఉంటుందన్నాను.

"ఆళ్లు గడ్డి తప్ప ఏం పెట్టరు గద సేటు," అంది. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. "పెడతరేమో తియ్యి. పెద్దోళ్లు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె వంగి నారు పీకడం మొదలుపెట్టింది. అక్కడ రెండు మడులున్నాయి, రెండూ జానెడు ఎత్తుకు చదునుగా పోసి ఉన్నాయి. ట్రాక్టరు ఎవరు తోలారని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"ట్రాక్టరేడిది? పారతోని తవ్విన."

"రెండు మడులెందుకు? నీ చెలకకు ఒకటి చాలు గద."

"అది నాది. ఇది నర్సింహారెడ్డి పటేలుది."

"ఆయన వద్దన్నడు గద అంజమ్మా."

"వానకాలం వద్దన్నడు. యాసంగికి ఏం చెప్పలే." నారు కట్టకు గడ్డిపరక చుట్టి ముడేసింది. "ఆయన బంతి ఎట్లుందో గట్టుమీదికెళ్లి నాకు కనపడదా? చామంతి వొదిలి ఈసారి నారు పోస్కోడని అనుకున్న."

కట్టలు నా చేతికి ఇస్తుంటే ఆమె అరచేతులు కనిపించాయి. బొబ్బలు పగిలి, ఎండి, నల్లగా పెచ్చులు కట్టాయి. అందులో సగం తన మడికి. మిగతా సగం, కబురుతోనే బదులు తెంపేసుకున్న మనిషి మడికి. కట్టలు అందుకోవడానికి నాకు చేతులు రాలేదు. లెక్క కరెక్టని ట్రేలు కట్టించిన చేతులే అవి. ఏం చేయాలో తోచక జేబులోంచి డబ్బు తీశాను. ఇంతకన్నా బుద్ధితక్కువ పని నా జన్మలో చేయలేదు.

ఆమె ఆ నోట్ల వంక చూసి, తన చెలక వైపు చూపించింది. దున్నక గట్టిగా బిగుసుకుపోయి ఉంది. పక్క మడిలో ఆమె నారు అప్పటికే ముదురు రంగుకు తిరుగుతోంది. నాలుగు రోజులాగితే నాటినా కాపు రాదు.

"పైసలు నేనేం జేస్కోను? ఫామ్‌హౌస్ సారుకు ట్రాక్టరుంటది గద. ఒచ్చి దున్ని పొమ్మని చెప్పు."

నారు తెచ్చి కొట్టులో దించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, అరచేతుల సంగతితో సహా. నర్సింహారెడ్డి స్టూలు మీద కూర్చుని నారుకట్టల మీద చెయ్యి వేశాడు. "ఛీ, నా బతుకు," అంటూ కట్టలు ఎత్తుకుని వెళ్లాడు.

మర్నాడు నేను ఏదో మిషతో అటు పోయాను. ఆయన ట్రాక్టరు అంజమ్మ చెలకలో తిరుగుతోంది. తల వంచుకుని చాలు మీదే చూపు పెట్టి తోలుతున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని గట్టుమీద నిలబడింది. ట్రాక్టరు దగ్గరికి రాగానే, "ఫామ్‌హౌస్ సారూ, నీళ్లు తాగు," అంది. ఆయన ఇంజను ఆపాడు. నీళ్లు తాగాడు గానీ ఆమె వైపు చూడలేకపోయాడు. ఇంకా తల దించుకునే, "వానకాలం మడి నాశనమైందట గద," అన్నాడు. "నాదే తప్పు." ఆమె చెంబు తీసుకుని, "ఆ మూలకు ఇంకో సాలు దోలు, గట్టిగున్నది," అని మాత్రం అంది.

ఇప్పటికీ ప్రోట్రేలు అమ్ముతాను. మంచి వస్తువు, వాటిదేం తప్పు లేదు. కాకపోతే కొనే రైతును ఒకటి అడుగుతాను: "నీ నారు మంచిగొస్తదో లేదో కాదు. నువ్వు దీని కాడ కూసుంటే అక్కడ ఏం పని ఆగుతది?" రెండూ మనకే బాగా వచ్చినా, రెండింటికీ చాలినంత పొద్దు మనకు రాదు. మనకంటే కొంచెం తక్కువ చేసే మనిషి మన పని చేసిపెడితేనే మన అసలు పనికి చేతులు మిగులుతాయి. కామర్స్ పుస్తకంలో ఈ సంగతి నేను చదివే ఉంటాను, మార్కులు కూడా వచ్చే ఉంటాయి.

బదులు మళ్లీ నడుస్తోంది. నర్సింహారెడ్డికి ఆమె మీద, ఆమెకు ఆయన మీద కోపమేమీ లేదు. అంజమ్మ విత్తనాలకు వచ్చినప్పుడల్లా పొట్లం కొంగున కట్టుకుంటూ, "సేటు, మీ ఫామ్‌హౌస్ సారు మంచిగున్నడా?" అని అడుగుతుంది. బాగున్నాడని చెబుతాను. చెబుతూ గల్లాపెట్టె తెరిచి, అక్కర్లేని చిల్లర కోసం వెతుక్కుంటాను.