గోడ వైపు తిరిగే స్టూలు

నిన్న పొద్దున అవ్వ ఫోన్ పట్టుకుని నిజామాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. గాజు కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి ఫోన్‌ను మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూసి, తెర మీద చుక్కలు కలిపే ప్యాటర్న్ తెలియకపోయినా తాళం తీయగలం గానీ లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని, అందుకు సరేనా అని అడిగింది. లోపల మా బాపు అవ్వకు రాసిన మెసేజ్‌లున్నాయమ్మా, మాకు కావలసినవి అవే, అవి పోకుండా తీసే దారి ఏమైనా ఉందా అంటే పాపం తల అడ్డంగా ఊపింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. ఒకప్పుడు అలాంటి కౌంటర్‌కు అటువైపు కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ తెరిచిన మనిషిని నేను. ఫోన్‌ను బ్యాగులో వేసుకుని, బోధన్ బస్సు కోసం బస్టాండు దిక్కు నడిచాను.

ఆ బస్టాండు ఎదురు సందులోనే మా అన్న సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. ఇప్పుడక్కడ జ్యూస్ సెంటర్ పెట్టారు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బటన్ ఫోన్లు పోయి టచ్ ఫోన్లు ఇళ్ళల్లోకి వస్తున్న ఆ కాలం, తెర మీద వేలు పెడితే ఎక్కడ పగిలిపోతుందోనని భయపడుతూ ముట్టుకున్న కాలం. నేను ఇంటర్ దాకా చదివి, ఆపైన కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్ళయ్యాక కూడా బోధన్‌లో అవ్వ ఇంటి పక్కనే ఉంటూ, పిల్లల్ని బడికి పంపి రోజూ బస్సెక్కి అన్న దుకాణానికి వెళ్ళేదాన్ని. సీజన్‌లో చెరుకు బండ్ల వెనక బస్సు నత్తనడక నడుస్తుంటే, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసనకు ముక్కు మూసుకుంటూ, పొద్దున్నే అన్న చేత చీవాట్లు తినాలి కాబోలు అనుకుంటూ కూర్చునేదాన్ని. ఆ వాసనను కూడా ఎప్పుడో ఒకనాడు తలుచుకుంటానని అప్పుడు ఎవరైనా చెప్తే నవ్వేదాన్ని.

ఆ రోజుల్లో చాలా ఫోన్లకు తెలుగు రాదు. ఎవరైనా తెలుగులో మెసేజ్ పంపితే తెర మీద వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. అది సరిచేయాలంటే ఫోన్‌ను రూట్ చేయాలి, అంటే తయారుచేసినవాళ్ళు మన కంట పడకుండా మూసిపెట్టిన లోపలి అరను తెరవాలి. తెరిచి, తెలుగు అక్షరాల ఫైలు పెడితే డబ్బాలు పోయేవి గానీ, చవక ఫోన్లలో ఒత్తులూ గుణింతాలూ అక్షరానికి అంటకుండా ఊడిపోయి పక్కన పడి ఉండేవి. అప్పుడిక కంపెనీ వేసిన సిస్టమ్ మొత్తం తీసేసి, ఏ దేశంలోనో కూర్చున్న పిల్లలు సరదాకొద్దీ తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టిన వేరే సిస్టమ్, కస్టమ్ రోమ్ అంటారు, దాన్ని వేసేవాళ్ళం. వేస్తున్నప్పుడు కేబుల్ కదిలినా, కంప్యూటర్ ఆగిపోయినా ఫోన్ డెడ్, ఇక దాన్ని పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడమే. ఆ కాసేపు నేను దగ్గు కూడా బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

ఈ విద్య నేను నేర్చుకున్నది నిజానికి అవ్వ కోసమే. బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేవాడు. అక్కడ పని సన్నగిల్లాక మస్కట్ పోయి ఒక క్యాంపులో వాచ్‌మన్‌గా చేరాడు. ఊరికి వచ్చే ఒకాయన చేత అవ్వకు టచ్ ఫోన్ పంపించాడు. అక్కడ ఆయన గదిలోనే ఉండే జక్రాన్‌పల్లి మనిషి ఒకడు ఆయన ఫోన్‌లో తెలుగు రాసే ఏర్పాటు చేసిపెట్టాడట, ఇక బాపు చేతికి పని దొరికింది. అయిదో తరగతి చదువుతో ఆయన అక్కడి నుంచి మెసేజ్‌లు రాస్తూనే ఉండేవాడు, ఇక్కడ అవ్వ ఫోన్‌లో డబ్బాలు పేరుకుంటూనే ఉండేవి. అవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఫోన్ ఎత్తి చూపిస్తూ, "గీ డబ్బాలేంది బిడ్డా, ఫోను ఖరాబైందా ఏంది?" అని అడిగేది. ఖరాబు కాలేదు, బాపు రాసినవే, మన ఫోన్‌కు చదవడం రాదు అని చెబితే, "నాకూ రాదు గద, ఇద్దరం సరిపోయినం" అని నవ్వి మళ్ళీ ఆకు చుట్టడంలో పడేది. అయినా ఆ డబ్బాల్లో ఒక్కదాన్ని కూడా తీసేయనిచ్చేది కాదు.

రెండు మూడు పాత ఫోన్ల మీద చేయి తిప్పుకున్నాక ఒక ఆదివారం అవ్వ ఫోన్ పట్టాను. కొత్త సిస్టమ్ వేస్తే పాతవన్నీ పోతాయి కాబట్టి ముందు రూట్ చేసి మెసేజ్‌లన్నీ మూటగట్టి కంప్యూటర్‌లో దాచి, కొత్తది వేసి, మళ్ళీ మూట విప్పాను. తెర వెలిగేసరికి డబ్బాలన్నీ ఒక్కసారిగా తెలుగై కూర్చున్నాయి, ఎన్నో నెలల మాటలు ఒత్తులతో సహా. నేను సంబరంగా మొదటిది చదవబోతే అవ్వ చటుక్కున ఫోన్ లాక్కుని కొంగు కింద పెట్టుకుంది. "మీ బాపు నాకు రాసిండు. నేనే సదువుకుంట" అంది. చదువు రానిదానివి ఎట్లా చదువుతావే అంటే, నేర్చుకుంటానంది. కంప్యూటర్‌లో ఉన్న మూటను కూడా అప్పటికప్పుడే తన ఎదురుగా తీసేయమంది, తీసేశాను.

నేర్చుకుంది కూడా. ఆమె నేర్చిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. బీడీలకు కత్తిరించిన తునికాకు ముక్కలు రెండు తీసుకుని, తెర మీద పైవరసలు ఒకదానితో, కిందివరసలు ఇంకోదానితో మూసి, మధ్యలో ఒక్క అక్షరం మాత్రం కనిపించేటట్టు సందు వదిలి, "గిదేంది?" అని అడిగేది. నేను చెప్పగానే ఆకు జరిపేసేది. ఒకనాడు అంతా 'ళ' అయితే, ఇంకొకనాడు 'క్క'. అది ఏ మాటలోదో, బాపు ఏం రాశాడో తెలియక నేను బస్సులో బోధన్ నుంచి నిజామాబాద్ దాకా ఆ ఒక్క అక్షరాన్నే పట్టుకుని ఆలోచిస్తూ పోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి అవ్వకు ఆకుల అవసరం తీరిపోయింది. పొద్దున్నే చాట ముందు కూర్చుని పెదవులు కదిలిస్తూ తనకు తానే చదువుకునేది, ఆ తర్వాతే మొదటి బీడీ చుట్టేది.

అవ్వ దగ్గర నేర్చుకున్న మర్యాదే దుకాణంలో నాకు పేరు తెచ్చింది. ఒకసారి సిరికొండ నుంచి ఒకామె వచ్చింది. భర్త దుబాయిలో ఉన్నాడు, తెలుగు వేయించుకోవాలి. తాళం తీయమ్మా అంటే ఆమె తెర మీది చుక్కలు కలపబోయి, మా అన్న తన వేలి దిక్కే చూస్తున్నాడని గమనించి, ఫోన్‌ను గుండెకు ఆనించుకుని లేచి నిలబడింది. నేను అన్నను బయటికి పంపి, నా స్టూలు గోడ వైపు తిప్పుకుని కూర్చుని, గీసుకో అక్కా, నేను క్యాలెండర్ చూస్తుంటాను అన్నాను. అంతే, అప్పటినుంచి అది దుకాణం పద్ధతి అయిపోయింది. ఎవరు తాళం గీసినా నేను గోడ వైపు తిరగాలి, పని అయ్యాక దాచిన మూటను వాళ్ళ ఎదురుగానే తీసేయాలి, వాళ్ళు కూడా ఫోన్ వదిలి వెళ్ళకుండా అక్కడే కూర్చోవాలి. ఏర్గట్ల నుంచి, సిరికొండ నుంచి ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. అన్న మాత్రం, "నువ్వు గోడ దిక్కు సూసుడేంది, జర గిరాకి దిక్కు సూడు" అని ఎగతాళి చేసేవాడు. ఆ గోడ క్యాలెండర్‌లోని తిథులన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

అలాగని అంతా గౌరవంగా సాగిందని అనుకోకండి. భార్యల ఫోన్లు పట్టుకుని వచ్చి తాళం తీయమనే మగవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ కాలపు ఫోన్లలో తాళమంటే పేరుకే తాళం. మేము ఒకసారి రూట్ చేసిన ఫోనైతే లోపల ఒక్క చిన్న ఫైలు తీసేస్తే చాలు, చుక్కలన్నీ మాయమై తలుపు బార్లా తెరుచుకునేది. నాకు అది వంటింట్లో డబ్బా మూత తీసినంత తేలిక. అయినా నాకు రాదన్నా అని చెప్పి పంపేదాన్ని. "రానప్పుడు దుకాణమెందుకు పెట్టిండ్రు?" అని ఒకాయన సందు సందంతా వినేటట్టు అరిచిపోయాడు. ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో నాకు ఒకటే కోరిక, ఎవరూ తెరవలేని తాళం రావాలి, నేను కూడా తెరవలేని తాళం రావాలి అని.

వచ్చింది. ఏడాదికేడాది ఫోన్లు గట్టిపడ్డాయి. ఇప్పుడు తాళం తలుపుకు మాత్రమే కాదు, లోపల ఉన్న ప్రతి మాటనూ చుక్కలు కలిపే ఆ గీతతోనే కలిపి బిగించి పెడతారు, గీత లేకపోతే మాటలు లేనట్టే. రూట్ చేయాలని మొదలుపెడితే ఫోనే ముందు అంతా తుడిచేస్తుంది. తెలుగు కూడా ఫోన్‌తో పాటే రావడం మొదలైంది, ఇక మాతో ఎవరికి పని? అన్న దుకాణం ఎత్తేసి పసుపు మార్కెట్‌లో దలాలీకి పోయాడు, నేను బోధన్‌లో మిషన్ కుట్టుకుంటూ ఉండిపోయాను.

బాపు కిడ్నీలు పాడై తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు తన ఫోన్‌ను గదిలోనివాడికి ఇచ్చి వచ్చాడు, ఇంటికే పోతున్న, ఇక రాసేదేముందని. ఏడాది కూడా బతకలేదు. అవ్వ పొద్దుటి చదువు మాత్రం ఆగలేదు. ఫోన్ పాతబడి మార్చినప్పుడల్లా ఆ మెసేజ్‌లను మూటగట్టి కొత్తదాంట్లోకి చేర్చేది నేనే, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని మూటనూ, పాత ఫోన్‌లో ఉన్నవాటినీ తీసేసేదీ నేనే. మూడేళ్ళ కింద కొన్న ఈ చివరి ఫోన్‌ను మాత్రం రూట్ చేయలేదు. తెరిచిన ఫోన్లలో బ్యాంకు యాప్‌లు నడవవు, అందులోనూ ముసలిప్రాణం, దొంగల చేతికి చిక్కుతుందేమోనని భయం. మనవలు ఆడుతూ మెసేజ్‌లు ఎక్కడ చెరిపేస్తారోనని అవ్వే తాళం కావాలంది. వేలిముద్ర పెడదామంటే, జీవితమంతా బీడీలు చుట్టి అరిగిన వేళ్ళు, ఫోన్ ఒప్పుకోలేదు. ముఖం చూసి తెరిచే ఏర్పాటు ఆ చవక ఫోన్‌కు లేదు. సరే, చుక్కలు కలుపుకో అవ్వా అని ఫోన్ చేతికిచ్చి, అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగాను. ఆ తర్వాత ఆమె నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు తెరిచిందో, ప్రతిసారీ అలాగే తిరిగాను.

మొన్న చలికాలంలో అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, కళ్ళతో నవ్వుతుంది, ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం కూడా నేర్చుకుంటోంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే ఎడమ చేత్తో ఫోన్ అందుకుని చుక్కల మీద వేలు పెట్టింది. పెట్టి ఆగిపోయింది. అటు కొంచెం, ఇటు కొంచెం గీసింది. తప్పని చెబుతూ ఫోన్ వణికింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ గీత అవ్వ తలలో లేదు, కుడిచేతిలో ఉంది. మనం వంటింట్లో చీకట్లో కూడా ఉప్పు డబ్బా మీదికి నేరుగా చేయి పోనిస్తాం కదా, ఎక్కడుందో చెప్పమంటే మాత్రం తడబడతాం, అలా. తెలిసిన ఆ చేయి ఒళ్ళో పడి ఉంది.

అన్న వచ్చి సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి చూశాడు, మెసేజ్‌లు సిమ్‌లో ఉండవని తెలిసీ చూశాడు. తప్పు గీసిన కొద్దీ ఫోన్ ఇంకాసేపు ఆగు, ఇంకాసేపు ఆగు అంటూ పోయింది. నేను పాత పరిచయాలన్నీ తవ్వి అడిగాను, ఇంటర్నెట్‌లో వెతికాను, చివరికి నిన్న సర్వీస్ సెంటర్ గడప కూడా తొక్కాను. అప్పుడు ఆ మగవాళ్ళతో తాళం తీయడం వచ్చి కూడా రాదన్నాను, ఇప్పుడు నిజంగానే రాదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు, నేను కోరుకున్న తాళమే కదా ఇది. ఆ సిరికొండ అక్కకు ఆ రోజుల్లో ఇలాంటిది ఉంటే ఎంత నిశ్చింతగా ఉండేదో.

రోజూ పొద్దున్నే అవ్వ ఎడమ చేత్తో తన కుడిచేతిని ఎత్తి నా అరచేతిలో పెడుతుంది. నేను ఆ చూపుడువేలిని చుక్కల మీద ఆనించి పట్టుకుంటాను, పాత దారి గుర్తొచ్చి కాస్తయినా కదులుతుందేమోనని. మొదటిరోజు ఎటు కదులుతుందో చూద్దామని తెర మీదికి వంగితే, అవ్వ ఎడమ చేత్తో ఫోన్‌ను మూసేసి నా కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. కోపం కాదు, కొంగు కింద ఫోన్ దాచుకున్ననాటి చూపే. చూడనివ్వవే, నేను చూస్తేనే కదా నీకు దొరికేది అని బతిమాలాను, ఏడ్చాను కూడా. చెయ్యి తీయలేదు.

మా దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు తమ ముచ్చట్లను కొంగులో దాచుకున్న కాలం పోయింది, ఇప్పుడు అందరి ముచ్చట్లూ అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. తాళాలు మాత్రం ఏ కాలంలోనూ లేనంత గట్టివి వచ్చాయి. ఇవాళ పొద్దున కూడా అవ్వ చేతిని తెర మీద ఆనించి పట్టుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆ వేలు ఎప్పుడైనా కదిలితే నా అరచేతికి తెలియాలి. ఇవాళ కదలలేదు.