చంద్రప్ప చీల కర్ర

మహేంద్రమంగళం చంద్రప్పకు లోకంలో ఎవరి మీదా గౌరవం లేదు. గోల్ఫ్ ఆడేవాళ్ళ మీద అసలే లేదు. బెంగళూరులో ఒక గోల్ఫ్ క్లబ్బు వెనక రేకుల గదిలో కూర్చుని పందొమ్మిదేళ్ళు వాళ్ళ కర్రలు బాగుచేశాడు. కాబట్టి ఆ చులకన ఊరికే వచ్చింది కాదు, ఒళ్ళు వంచి సంపాదించుకున్నది.

"కోడిగుడ్డంత బంతి. దాన్ని గుంతలో వెయ్యను పద్నాలుగు కర్రలు. అవి మొయ్యను ఒక మనిషి. అయినా పడకపోతే కర్రదే తప్పంట!" అని ఊరికి వచ్చినప్పుడల్లా భార్య మారమ్మతో చెప్పి పగలబడి నవ్వేవాడు.

అతని పని ఆ తప్పు దిద్దడమే. పొట్టివాడికి గోల్ఫ్ కర్ర ఒక వాలులో ఉండాలి, పొడుగువాడికి ఇంకో వాలులో. ఆ ఇనుప తలను వైసులో బిగించి, మనిషికి తగ్గట్టు వంచి ఇవ్వాలి. సెంగోడన్ అని ఒక నూలు మిల్లు యజమాని ఉండేవాడు. ఆయన నెలకు రెండుసార్లు తన కర్రలన్నీ తెచ్చి వంపు మార్పించుకునేవాడు. పొట్టా పొడుగా అన్నది మనిషికి నెలనెలా మారుతుందా? మారదు. ఆట రాదయ్యా నీకు అని చెప్పే ధైర్యం క్లబ్బులో ఎవరికీ లేదు, అంతే. అన్నేసి సార్లు వంచితే ఇనుము మాత్రం ఏం చేస్తుంది? పుటుక్కున విరిగేది. విరిగితే మళ్ళీ చంద్రప్ప మీదే అరుపులు.

2003లో ఆ కొలువు వదిలేసి వచ్చి, తన ఊరి పక్కన, ధర్మపురి జిల్లా మారండహళ్ళి బస్టాండు దగ్గర లేతు మిషను పెట్టుకున్నాడు. మోటార్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, నాగళ్ళు. బెంగళూరు నుంచి పాత ఖాతాదారులు కొందరు హోసూరు బస్సులో కర్రలు పంపుతూనే ఉన్నారు.

మరుసటి ఏడు ఆషాఢంలో సొంత చేను దున్నుతుండగా నాగలి లోతుకు దిగలేదు. నాగలి కొయ్యకూ, ఎద్దుల దాకా పోయే పొడుగు కోలకూ మధ్య ఒక చిన్న చెక్క చీల ఉంటుంది. దాన్ని కాస్త కొడితే వాలు మారుతుంది, లోతు మారుతుంది. తాతల నాటి నుంచీ కొడుతున్నదే. చంద్రప్ప కూడా రాయితో రెండు దెబ్బలు కొట్టాడు. కొట్టి అక్కడే నిలబడిపోయాడు. పందొమ్మిదేళ్ళు ఇనుము వంచి వంచి చచ్చాను కదరా, ఒక చీల పెట్టి ఉంటే సరిపోయేది కదరా అని తనను తానే తిట్టుకున్నాడు. ఎద్దుల్ని విప్పకుండానే ఇంటికి పరిగెత్తాడు. మారమ్మ పోయి విప్పుకొచ్చింది.

మూడు నెలల్లో కర్ర తయారైంది. ఇనుప తల, కడ్డీ కలిసే చోట ఉక్కు చీల, దానికొక మర. మర తిప్పితే వాలు మారుతుంది. చీల మందం వైపు వెనక్కి ఉండాలి, అప్పుడే దెబ్బ పడేకొద్దీ బిగుసుకుంటుంది. చంద్రప్ప జన్మలో మొదటిసారి తాను చేసిన వస్తువును చూసి ముచ్చటపడ్డాడు. ఇది నాది, నేను చేసింది అని సర్కారు కాగితం మీద పడాలని పట్టుబట్టాడు. అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు.

పెన్నాగరం పిల్ల మోహనప్రియ చెన్నైలో పేటెంటు అర్జీలు రాసే పని చేస్తుంది, దూరపు చుట్టం. ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"అన్నా, అర్జీ పడేదాకా దాన్ని ఎవురికీ చూపీకూడదు. ఎవురికీ."

"నేనేం పిచ్చోన్నా పాపా? నా నీడకు గూడా చూపీను," అన్నాడు చంద్రప్ప.

అన్నాడా? సరిగ్గా పదహారు రోజులకు ఆయుధపూజ వచ్చింది. వాళ్ళ వంశంలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త పనిముట్టు ఏదైనా అమ్మవారి ముందు పెట్టి, కుంకుమ పెట్టి, దాయాదులు తలా ఒకసారి చేతపట్టి నేల మీద ఒక దెబ్బ వేస్తేగాని పనిలోకి దిగదు. చంద్రప్ప బాగానే ఆలోచించాడు పాపం. ఎవరికీ అంటే బయటివాళ్ళకు. దాయాదులు బయటివాళ్ళా? అమ్మవారు బయటిదా? ఆ వైపు ఏ మనిషినడిగినా ఇదే చెబుతాడు, చట్టం రాసినవాణ్ణి తప్ప.

కళ్ళంలో నలభై రెండు మంది ఆ కర్రతో నేలను కొట్టారు. ఎనభై ఏళ్ళ పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మ పక్క చేలోకి నడిచి, ఆ కర్ర ఒక్క ఊపు ఊపి వేరుసెనగ చెట్టు పీకి, "కాయ బాగా పట్టింది," అని మెచ్చుకుంది. కర్రను కాదు, కాయను.

అక్కడితో ఆగినా బాగుండేది. మారమ్మ తమ్ముడు రాజేంద్రన్ అని ఒకడున్నాడు. చెవులు కుట్టినా, చెట్టు నాటినా, కట్ట మీద నుంచి జారి కాలు విరిగినవాడు ఇంటికి వచ్చినా ఫ్లెక్సు కట్టే మహానుభావుడు. తెల్లారేసరికి మారండహళ్ళి బస్టాండులో ఎనిమిది అడుగుల ఫ్లెక్సు వెలిసింది. మెడలో బంతిపూల దండ, చేతిలో గోల్ఫ్ కర్ర, చంద్రప్ప. పక్కన ఒక గుండ్రంలో ఆ చీల, మనిషంత పెద్దది చేసి, మర ఎటు తిప్పాలో బాణం గుర్తుతో సహా. కింద తమిళంలో, ఈ చీలను కనిపెట్టిన మా బావగారికి వందనాలు, అని. దాని కింద తేదీ. తేదీ కింద రాజేంద్రన్ బొమ్మ, నల్ల కళ్ళద్దాలతో.

"ఎవుడ్రా నిన్ను ఇది కట్టమన్నది?" అని చంద్రప్ప బస్టాండంతా వినబడేలా అరిచాడు. విప్పెయ్యమని మాత్రం అనలేదు. ఆ రోజు అతను మూడుసార్లు టీకని బస్టాండుకు పోయినాడని టీ కొట్టు మాదేశన్ ఈనాటికీ చెబుతాడు. ఇంట్లో మారమ్మ ఫిల్టరు కాఫీ పెడుతూనే ఉంది.

నాలుగో రోజు సెంగోడన్ కారు వచ్చింది. హొగేనకల్ జలపాతానికి పోతూ, దారిలో రెండు కర్రల వంపు సరిచేయించుకుందామని దిగాడట. చంద్రప్ప ఆయన్ను చూసిన క్షణంలో కొత్త కర్ర మీద గోనెసంచి కప్పి, దాని మీద తాను కూర్చున్నాడు. గంటసేపు లేవలేదు. సెంగోడన్ నవ్వుతూ మంచినీళ్ళు తాగి, తమిళంలో నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. "ముసిలి నక్క, వాసన గూడా చూడనీలేదు," అని చంద్రప్ప మారమ్మ దగ్గర మీసం తిప్పాడు. ఆ కారు బస్టాండులో ఫ్లెక్సు ముందర అరగంట ఆగిన సంగతి అప్పటికి అతనికి తెలియదు.

ఆ తరువాత రాగికోతలు వచ్చాయి. కోతలయ్యాక నూర్పిళ్ళు. చంద్రప్ప అర్జీ జనవరిలో పడింది. అదే చీలకు సెంగోడన్ అర్జీ నవంబరులోనే పడింది.

ఈ మాట మోహనప్రియ చెప్పిన రోజు చంద్రప్ప లేతు మిషను ఆపి, తలుపు వేసుకుని కూర్చున్నాడు. వంపు తెలియదు, వాలు తెలియదు, కర్ర పట్టుకోవడమే తెలియదు, వాడు కనిపెట్టాడంట! ఎదురు అర్జీ వేయించాడు. విచారణకు పిలుపు వచ్చేసరికి రెండేళ్ళు దాటింది.

"నవంబరుకు ముందే నువ్వు చేసినావని రుజువు కావాలన్నా," అంది మోహనప్రియ ఫోనులో.

రుజువెక్కడిది? బొమ్మలన్నీ చాక్‌పీసుతో కొట్టు నేల మీద వేసినవి. మారమ్మ రోజూ ఊడ్చింది. ఆవిడే అంది. "ఆ ఫ్లెక్సు ఉందిగా. మేకల కొట్టం మీద కప్పినాను. తేదీ గూడా ఉంది దాంట్లో."

చంద్రప్ప ఎగిరి గంతేశాడు. మోహనప్రియ ఎగరలేదు.

"అది చూపిస్తే సెంగోడన్ అర్జీ పోతుందన్నా. నీదీ పోతుంది. ముందే ఊరంతా చూసిన వస్తువుకు ఎవురికీ పేటెంటు రాదు. చూపీకపోతే ఆయనకు వస్తుంది."

మరునాడే రాజేంద్రన్ వచ్చాడు, సెంగోడన్ తరఫున రాజీ మాటలు మోసుకుని. ఎదురు అర్జీ వాపసు తీసుకుంటే, కనిపెట్టినవాళ్ళ పేర్లలో సెంగోడన్ పేరు కింద చంద్రప్ప పేరూ రాస్తారట.

"రెండో పేరు బావా! సర్కారు కాగితంలో! నేను జిల్లా అంతా ఫ్లెక్సులు కట్టేస్తా."

"నీ ఫ్లెక్సు వల్లనే గదరా ఈ గతి పట్టింది!" అని చంద్రప్ప సుత్తి ఎత్తాడు. రాజేంద్రన్ చెప్పులు వదిలి పారిపోయాడు.

కానీ ఆ రాత్రంతా, మరునాడంతా రెండో పేరు చంద్రప్పను పీకింది. పేరే కదా కావాలన్నది. వస్తుంది, ఉత్తపుణ్యానికి. కింద ఉంటే ఏం? మారమ్మను అడిగాడు.

"నా బిడ్డకు వాడు నాయన, నేను చిన్నమ్మ అని రాస్తే ఒప్పుకుంటానా?" అంది మారమ్మ. "కొట్టం కురిస్తే కురవనీ, తీసుకో పో."

చెన్నైలో విచారణ గదిలో చంద్రప్ప ఫ్లెక్సు విప్పాడు. బల్ల చాలక నేల మీద పరిచాడు. గదంతా మేకల కంపు. సెంగోడన్ వకీలు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పైనుంచి కిందికి పిడకల మరకలు, అయినా తేదీ చెక్కుచెదరలేదు.

అధికారి వంగి చూశాడు. "ఈ దండ వేసుకున్నది ఎవరు?"

"నేనే సార్."

"ఇది నిజమైతే మీ అర్జీ కూడా నిలవదు. తెలుసా?"

"తెలుసు సార్. అది నేను చేసింది. నాకు రాకపోతే పాయె. వానిది మాత్రం కాదు."

సెంగోడన్ అతని వైపు చూడలేదు. రెండు అర్జీలూ పోయాయి. ఇక ఆ చీల లోకంలో ఎవరైనా చేసుకోవచ్చు. చంద్రప్ప ఊరికి వచ్చి గెలిచానని నలుగురికీ చెప్పాడుగాని, కొత్త కర్రను గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం టై కట్టిన సేల్స్‌మన్ ఒకడు కొట్టుకు వచ్చాడు. గోల్ఫ్ కర్రలు బాగుచేస్తారట కదా, కొత్త సరుకు వచ్చింది, ఖాతాదారులకు చూపించండి అని సంచిలోంచి ఒక కర్ర తీశాడు. మెడ దగ్గర ఉక్కు చీల. దానికొక మర.

"ఎవురు కనిపెట్టినారు దీన్ని?" అన్నాడు చంద్రప్ప.

"ఎవరో ఫారిన్‌వాడు సార్. మీకు అర్థం కావాలంటే నేను చెప్తాను. ఈ మర ఇలా తిప్పితే వాలు మారుతుంది," అని అతను ఓపిగ్గా వివరించాడు. మారమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, మొగుడు సుత్తి ఎత్తుతాడేమోనని చూస్తోంది.

చంద్రప్ప కర్రను వెలుతురులోకి తిప్పాడు. అతని ముఖం కందిపోయింది.

"దొంగ నాయాళ్ళు," అన్నాడు. "మందం వైపు ముందుకు పెట్టినారు. పది దెబ్బలకు తల ఊడి ఎవుని మూతికో తగులుతుంది. తీసుకునేదేమో తీసుకునిరి, సరిగ్గా తీసుకోను గూడా రాలేదా వీళ్ళకు?"

"సార్, అది కంపెనీ సరుకు, విప్పకండి..."

"కూసోరా అట్ల!" అని అరిచి, చంద్రప్ప మర విప్పాడు. చీల తీసి, ఆకురాయితో దాని అంచు సాపు చేసి, తిప్పి పెట్టి బిగించాడు. బిగిస్తుంటే కళ్ళ నీళ్ళు కారి చేతుల మీద పడ్డాయి. తుడుచుకోలేదు. సేల్స్‌మన్ చేతిలో కర్ర పెట్టి, "సంచీలో ఇంకెన్ని ఉండాయి? అన్నీ బయటికి తియ్యి," అన్నాడు.