డ్యూటీ దిగాక కాఫీ

2017 జూన్‌లో నన్ను లోకో ఇన్‌స్పెక్టర్‌గా విజయవాడలో వేశారు. రైలింజను నడిపే లోకో పైలట్లలో కొందరిని ఒక్కో ఇన్‌స్పెక్టర్‌కు అప్పగిస్తారు. వాళ్లతోపాటు ఇంజనులో ప్రయాణించి పనితీరు చూడటం, అవసరమైతే ఇంటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడటం మా బాధ్యత. నాకు అప్పగించినవారిలో వెంకటరత్నం ఒకరు. గూడ్సు బండ్ల పైలట్. వయసు నలభై దాటింది. నెమ్మదస్తుడు. అంతవరకూ అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ వర్షాకాలంలో ఒక ఉదయం అతని బండిలో రాజమండ్రి నుంచి వస్తున్నాను. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి, పైలట్ ఆ మాటనే తిరిగి చెప్పాలి. ఇద్దరూ చూశారనడానికి అదే రుజువు. గన్నవరం దాటాక అసిస్టెంటు "డబుల్ ఎల్లో" అన్నాడు. ముందు ఆగవలసి రావచ్చు, వేగం అదుపులో పెట్టుకోమని దాని అర్థం. పైలట్ నుంచి జవాబు లేదు. అసిస్టెంటు గట్టిగా అరిచాడు. వెంకటరత్నం ఉలిక్కిపడి, మాట తిరిగి చెప్పి బ్రేకు వేశాడు. బండి ఆగవలసిన చోటే ఆగింది.

అతన్ని బండి ఎక్కనివ్వకుండా వైద్య పరీక్షకు పంపించాను. తాగుతాడేమోనని తోటివాళ్లలో గుసగుసలు బయలుదేరాయి. డ్యూటీ ఎక్కేముందు చేసే శ్వాస పరీక్షలో ఏనాడూ ఏమీ తేలలేదు. జబ్బు కూడా ఏమీ లేదన్నారు డాక్టరు.

"రాత్రి డ్యూటీ దిగాక పగలు నిద్ర పట్టట్లేదు సార్. ఎందుకో నాకే తెలీట్లేదు. నన్ను ఇంక బండి ఎక్కనివ్వరా?" అని అడిగాడు వెంకటరత్నం. ముందు ఒకసారి మీ ఇంటికి వస్తానన్నాను.

మర్నాడు భవానీపురంలో వాళ్లింటికి వెళ్లాను. వెంకటరత్నం ఇంట్లోనే ఉన్నాడు. అతని భార్య రాజ్యలక్ష్మి గారు నన్ను చూసి కంగారుపడ్డారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ఆయన ఏం చేస్తారో చెప్పమన్నాను.

"ఏముందండీ, రాగానే చిక్కటి కాఫీ ఇస్తాను. అది పడకపోతే తలనొప్పంటారు. స్నానం చేసొచ్చేసరికి వేడివేడిగా అన్నం పెట్టేస్తాను. బయట ఏం తింటారో ఏమిటో! పప్పు, వేపుడు, పులుసు, దొరికిన రోజు చేపల కూర. తినేసి పడుకుంటారు."

"నిద్ర పడుతుందా?"

"ఎక్కడండీ! గుండెల్లో మంటంటూ దొర్లుతూనే ఉంటారు. లేచి ఇంకో కాఫీ తాగుతారు."

కాఫీ ప్రభావం గంటల తరబడి ఉంటుందనీ, నూనె, కారం నిండిన భోజనం చేసి వెంటనే నడుం వాలిస్తే మంట పుట్టడం సహజమనీ చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"అంటే ఆయన ఉద్యోగానికి నా వంటే ఎసరు పెట్టిందంటారా?"

నేనేదో అనబోయేలోపు వెంకటరత్నమే అందుకున్నాడు. "నీ వంటని కాదులే రాజ్యం. వద్దంటే బాధపడతావని, ఆకల్లేకపోయినా తినేవాణ్ణి."

"ఆ ముక్క ఎప్పుడో చెప్పి ఉండాల్సింది," అని ఆమె అతనితో అని, నావైపు తిరిగి, "ఏం పెట్టమంటారో చెప్పండి," అన్నారు.

డ్యూటీ నుంచి రాగానే ఇడ్లీయో, పల్చటి మజ్జిగన్నమో కొద్దిగా పెట్టమన్నాను. కాఫీ నిద్ర లేచాకే. అసలు భోజనం కూడా అప్పుడే. మొదట్లో తలనొప్పితో అతను బాగా చిరాకుపడ్డాడట. ఆవిడ కాఫీపొడి డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేశారట. కొన్నాళ్లకు నిద్ర కుదిరింది. డాక్టరు సరేనన్నాక అతన్ని తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. మొదటి ట్రిప్పులో నేనూ ఇంజను ఎక్కాను. ఒక్క సిగ్నల్‌కూ జవాబు ఆలస్యం కాలేదు. ఆ తర్వాత అతను ప్యాసింజర్ బండ్లకు ప్రమోషన్ మీద వెళ్లాడు.

నిద్ర చెడటానికి ప్రతిసారీ తిండే కారణమని నేననను. గురక జబ్బుతో నిద్ర చెడిన పైలట్లనూ చూశాను. అయితే ఈ ఉదంతం నాకొక సంగతి నేర్పింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎంత విశ్రాంతి ఇవ్వాలో నిబంధనలు చెబుతాయి. ఆ విశ్రాంతిలో మనిషి నిద్రపోయాడా లేదా అన్నది చాలాసార్లు వంటింట్లో తేలుతుంది. అప్పటి నుంచి ఏ పైలట్ ఇంటికి వెళ్లినా, తాగుడు గురించి అడిగే ముందు, డ్యూటీ దిగాక ఏం తింటారో, ఏం తాగుతారో అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న పైలట్‌తోపాటు అతని ఇల్లాలినీ అడగడం మానలేదు.